అర్ధరాత్రి ఎండలో పెళ్ళి

మా సింగన్నపేట మునిసిపల్ కమిషనర్ విద్యాసాగర్ గారు కాగితాన్ని నమ్మే మనిషిగా ఢిల్లీలో ఒక సదస్సుకు వెళ్ళి, నమ్మని మనిషిగా తిరిగొచ్చారు. అక్కడెవరో పెద్దాయన సరిగ్గా భోజనాల వేళకు ముందు, "కాగితం అబద్ధమాడుతుంది, దృశ్యం అబద్ధమాడదు" అన్నారట. ఆకలి మీద విన్న మాట కాబట్టి కమిషనర్ గారికి బాగా ఒంటబట్టింది. విమానం ఎక్కేటప్పటికి అది సూక్తి. దిగేటప్పటికి సిద్ధాంతం. విశాఖపట్నం నుంచి మా ఊరికి కారులో వచ్చేలోగా పథకమైపోయి, మర్నాడు ఆఫీసు తెరిచేసరికి సర్క్యులరై గోడకెక్కింది.

ఆ సర్క్యులర్ సారాంశం ఇది. పట్టణ పరిధిలో గతంలో జరిగిన వివాహములకు ధ్రువపత్రము కోరువారు శుభలేఖలు, ఫొటోలు, సాక్షులు వగైరా కాలం చెల్లిన ఆధారములతో కార్యాలయమును ఇబ్బంది పెట్టరాదు. సదరు వివాహపు వీడియో టేపును మునిసిపాలిటీ వారి 'స్మృతి భద్రం' కేంద్రమునందు కంప్యూటరులోకి ఎక్కించుకొని, అందు కనిపించు వివరములనుబట్టి మాత్రమే ధ్రువపత్రము పొందవలెను.

వీడియో లేకుండా ఫొటో ఆల్బం మాత్రమే ఉన్నవాళ్ళ గతేమిటని ఒక కౌన్సిలర్ అడిగాడు.

"ఫొటోలో మనిషి కదలడు కదండీ" అన్నారు కమిషనర్ గారు ఓపిగ్గా. "కదలని మనిషి పెళ్ళి చేసుకున్నాడో, ఊరికే ఫొటో దిగాడో మనం ఎలా తేల్చగలం?"

కౌన్సిలర్ కూడా చెయ్యెత్తాడు. సర్క్యులర్ ఏకగ్రీవమైంది.

దోమల మందు కొట్టే యంత్రాలుండే గదిని ఖాళీ చేయించి, యంత్రాలను వరండాలో పడేసి, అందులో స్మృతి భద్రం పెట్టారు. ఒక కంప్యూటరు, టేపులాడించడానికి ఎక్కడినుంచో సంపాదించిన ఒక పాత వీడియో కెమెరా, ఆ రెండింటినీ కలపడానికి ఎరుపు, తెలుపు, పసుపు తలలున్న వైరు. జనన మరణాల సెక్షను సూపరింటెండెంటు భానోజీరావు గారిని వీక్షణాధికారిగా నియమించారు. టేపు కంప్యూటర్లోకి ఎక్కుతున్నంతసేపూ కన్నార్పకుండా చూసి, 'ఆద్యంతము వీక్షించితిని' అని సంతకం పెట్టడం ఆయన విధి.

మొదటి వారంలోనే ఒక చిక్కొచ్చింది. మూడు గంటల పెళ్ళి ఎక్కడానికి మూడు గంటలూ పడుతోంది.

"మూడు గంటలకు మూడు గంటలా? అలాగైతే కంప్యూటరెందుకు కొన్నట్టు?" అని కమిషనర్ గారు ఆశ్చర్యపోయారు. టేపు నడిచినంతసేపే ఎక్కుతుందనీ, పరిగెత్తిస్తే బొమ్మ చెదిరిపోతుందనీ భానోజీరావు గారు విన్నవించుకున్నారు. కమిషనర్ గారు బాగా ఆలోచించి, ఇకమీదట పౌరులు పెళ్ళిళ్ళు కుదించి చేసుకోవాలని సూచిస్తూ ఇంకో సర్క్యులర్ ఇచ్చారు. కాని అయిపోయిన పెళ్ళిళ్ళకది వర్తించదు కాబట్టి భానోజీరావు గారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు చూస్తూ కూర్చునేవారు. మామూలుగా గట్టి మనిషే. కాని రోజుకు రెండు మూడు అప్పగింతలు చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది. భుజం మీద తువ్వాలుతో కళ్ళొత్తుకుంటూ సంతకాలు పెట్టేవారు.

ఇలాంటి సమయంలో కిల్లి తవిటినాయుడికి పెళ్ళి ధ్రువపత్రం కావలసి వచ్చింది.

తవిటినాయుడు సింగన్నపేట డిపోలో కండక్టరు. ఆయన భార్య హైమావతి ఏజెన్సీ కొండల్లో పనసగూడ అనే చిన్న ఊళ్ళో టీచరు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా వాళ్ళ కాపురం శనివారం సాయంత్రం మొదలై సోమవారం తెల్లారగట్ల బస్సుతో అయిపోయేది. కూతురు చందన విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ ఏడు బదిలీల కౌన్సెలింగు పెట్టారు. స్పౌజ్ కేటగిరీలో, అంటే భర్త పనిచేసేచోటికి దగ్గరగా, హైమావతికి బడి దొరికే అవకాశం ఉంది. దానికి పెళ్ళి ధ్రువపత్రం కావాలి. నెలాఖరు దాటితే మళ్ళీ కౌన్సెలింగు ఎప్పుడో ఎవరికీ తెలీదు.

"ఈసారి వచ్చీ హైమా. నా వంట నేనొండుకుని తినలేక నోరు సచ్చిపోనాది" అన్నాడు తవిటినాయుడు.

"సరే, చూద్దాం" అంది హైమావతి. అందరూ రమ్మనే అంటున్నారు. రానంటే బాగుండదు.

పెళ్ళి వీడియో అటక మీద ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య దొరికింది. మూడు క్యాసెట్లు. లోపల టేపు మీద తెల్లగా బూజు పట్టింది. దాన్ని తుడిపించడానికి, తీసినవాడి దగ్గరికే పట్టుకెళ్ళారు. తీసినవాడు వీడియో కూర్మారావు. ఒకప్పుడు మా ఊళ్ళో వీడియో కెమెరా ఆయన దగ్గరొక్కటే ఉండేది. పెళ్ళైనా, ఓణీల వేడుకైనా, మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవమైనా కూర్మారావు భుజం మీద కెమెరా పెట్టుకుని వస్తేగాని మొదలయ్యేది కాదు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటూ, ఫోన్లకు అద్దాలంటించుకుంటూ ఉన్నాడు.

కూర్మారావు దూదితో టేపు తుడుస్తూ, "నాను తీసిన వాటిల్లో మీ పెళ్ళి ఒక కళాఖండం నాయుడూ. తాళి కట్టీటప్పుడు జూమ్ చూడు, మతి పోద్ది" అన్నాడు.

రూలు ప్రకారం భార్యాభర్తలిద్దరూ కేంద్రంలో కూర్చుని, తెర మీద కనిపించేది తామేనని ఒప్పుకోవాలి. ఇంట్లో టేపులాడించే యంత్రం చెడిపోయిన దగ్గర్నుంచీ ఆ పెళ్ళి వాళ్ళు మళ్ళీ చూడలేదు. బొమ్మ కాసేపు గీతలు గీతలుగా ఊగి, నిలదొక్కుకుంది. వైశాఖ మాసం, మిట్టమధ్యాహ్నం, పందిట్లో జనం శుభలేఖలతో విసురుకుంటున్నారు. హైమావతి వాళ్ళమ్మ వియ్యపురాలికి మజ్జిగ అందిస్తూ ఏదో చెప్పి తనే నవ్వేస్తోంది. ఆవిడ పోయి చాన్నాళ్ళయింది. హైమావతి కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఏటన్నాదో ఇనబడ్డం లేదు. కొంచెం సౌండు పెంచండి సార్."

భానోజీరావు గారు పెంచారు. సన్నాయి మోత పెరిగింది. మాట వినపడలేదు.

"మళ్ళీ ఒకసారి వెనక్కి తిప్పమంటారా?" అన్నారాయన. రూల్లో లేదు. అయినా తిప్పారు. మూడుసార్లు తిప్పారు.

తవిటినాయుడు మాత్రం తనను తాను చూసుకుని మురిసిపోతున్నాడు. తాళి కట్టేటప్పుడు కూడా పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు కాకుండా కెమెరా వైపే చూస్తున్నాడు.

"అప్పుడు ఎంత జుత్తుండీదో చూశావా?" అన్నాడు భార్యతో.

అప్పగింతల దగ్గర భానోజీరావు గారు మామూలుగానే కళ్ళు తుడుచుకుని, సంతకం చేసి, వివరాలు నమోదు చేశారు. కంప్యూటరు ధ్రువపత్రం ఇవ్వకుండా ఎర్రటి గీత చూపించింది.

"నాయుడు గారూ, మీ వివాహ తేదీ ఏమిటి?"

"రెండువేల అయిదు, మే నెలండి."

"దృశ్యంలో అలా లేదే." భానోజీరావు గారు వేలితో తెర మూల చూపించారు. అక్కడ పసుప్పచ్చటి అంకెలున్నాయి. ఒకటో తేదీ, జనవరి, 1994. అర్ధరాత్రి పన్నెండు గంటల ఇరవై నిమిషాలు.

"అదేదో కెమెరాలో పడిందండి."

"కెమెరాలో పడేదాన్నే దృశ్యం అంటారు" అన్నారు భానోజీరావు గారు విచారంగా. "సదరు తేదీ నాటికి వరుడికి పదిహేనేళ్ళు, వధువుకి పదేళ్ళు. కనుక ఇది బాల్యవివాహం కింద వస్తుంది."

తవిటినాయుడు తెర మీది పెళ్ళికొడుకు మీసాలవైపు చూపించాడు. "ఆ మీసం పదిహేనేళ్ళోడికి వస్తాదేటండీ?"

"మీసం వయసు నిర్ధారించే అధికారం ఈ కార్యాలయానికి లేదు. ఇంకొకటి కూడా ఉంది. మూడో క్యాసెట్టు కూడా పన్నెండు గంటలకే మొదలైంది. దాని ప్రకారం అప్పగింతలు పన్నెండూ పదికి. తాళి కట్టింది పన్నెండూ ఇరవైకి. అంటే తాళి కట్టకముందే అమ్మాయిని అత్తారింటికి పంపేశారు."

"మా ఇంటా వంటా లేదు సార్ అలాటిది" అంది హైమావతి.

"నాకు తెలుసమ్మా, మీ నాన్నగారి ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా బాల్యవివాహం జరిపించిన పెద్దలకు నోటీసివ్వాలి. ఆయన చిరునామా చెప్పండి."

"ఆయన పోయారు సార్."

"పోయినట్టు వీడియో ఉందా?"

"చావు వీడియో ఎవరు తీస్తారు సార్?"

"అలాగైతే పోయినట్టు మేము భావించలేము" అని భానోజీరావు గారు ఆయన పేర నోటీసు రాసుకున్నారు.

తవిటినాయుడు ఆ సాయంత్రమే కూర్మారావుని మోటారుసైకిలెక్కించుకుని ఆఫీసుకి పట్టుకొచ్చాడు. కూర్మారావు నిజం నిజంగానే చెప్పాడు. "నాను ఆ కెమెరా విశాపట్నంలో సెకండ్‌హ్యాండులో కొన్నానండి. లోపల గడియారానికి చిన్న బొత్తాం బ్యాటరీ ఉంటాది. అది కొన్నప్పుడే సచ్చిపోయున్నాది. పెద్ద బ్యాటరీ తీసి మార్చినప్పుడల్లా తేదీ మొదటికి వచ్చీసీది. అంకెలు తీసీడం నాకు తెలీలేదు. జనానికి కూడా నచ్చింది. తేదీ పడతన్నాదంటే ఫారిన్ కెమెరా అనీవోరు."

భానోజీరావు గారు ఈ మాటలు కమిషనర్ గారికి నివేదించారు. కమిషనర్ గారు కూర్మారావుని పిలిపించారు.

"గడియారం చెడిపోయిందని నువ్వు నోటితో అంటున్నావు. అది వాఙ్మూలం. గడియారం చెడిపోయినట్టు దృశ్యం ఉందా?"

"గడియారం పాడైపోవడాన్ని ఈడియో ఎలగ తీస్తానండీ? తీసినా అందులోనూ అదే తేదీ పడద్ది."

"చూశావా? నీ సాక్ష్యమే నీకు వ్యతిరేకంగా ఉంది" అన్నారు కమిషనర్ గారు.

అప్పటికి తవిటినాయుడి ఒక్కడి గొడవే అనుకున్నాం. కాని టేపులు ఎక్కేకొద్దీ సంగతి బయటపడింది. ఊళ్ళో పదేళ్ళపాటు ప్రతి వీడియో తీసింది కూర్మారావే. అంచేత స్మృతి భద్రం లెక్కల్లో సింగన్నపేట పెళ్ళిళ్ళన్నీ 1994 జనవరి ఒకటిన అర్ధరాత్రి జరిగాయి. ఆ పెళ్ళిళ్ళలో పుట్టిన పిల్లల బారసాలలూ ఆ అర్ధరాత్రే జరిగాయి. హైస్కూలు వార్షికోత్సవాలు ఏడింటికి ఏడూ ఒకేసారి జరిగాయి. ఊళ్ళో ఉన్న ఒక్క కల్యాణమండపం యజమానికి, ఒకే జత పీటల మీద ఒకే ముహూర్తానికి పరిమితికి మించి దంపతులను కూర్చోబెట్టినందుకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది. ఇద్దరన్నదమ్ములు విడివిడిగా చేసుకున్న పెళ్ళిళ్ళు ఒకే నిమిషానికి పడేసరికి, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళలేదని రుజువైంది. పాతికేళ్ళుగా కలిసుంటున్నవాళ్ళు ఆఫీసు మెట్ల మీదే మాటా మాటా అనుకున్నారు.

కమిషనర్ గారు సమీక్షా సమావేశం పెట్టారు. చైర్మన్ గారు కూడా వచ్చారు. భానోజీరావు గారు నివేదిక చదివారు.

"దృశ్యములను పరిశీలించిన మీదట తేలినదేమనగా, గౌరవ చైర్మన్ గారు సదరు అర్ధరాత్రి మూడు శంకుస్థాపనలలోను, ఒక కాలువ పూడికతీతలోను, లెక్కకు మిక్కిలి వివాహములలోను ఏకకాలమందు పాల్గొనియున్నారు. తమ సొంత వివాహ రజతోత్సవమందు సైతం కనిపించుచున్నారు."

చైర్మన్ గారు ఆ వాక్యం మళ్ళీ చదివించుకుని విన్నారు. "ప్రజల కోసం అంతలా తిరిగానన్నమాట" అన్నారు. "పక్కన ఉన్నవాళ్ళే గుర్తించలేదు."

"ఇంకొక విశేషము" అన్నారు భానోజీరావు గారు. "దాదాపు అన్ని టేపులలోను అర్ధరాత్రి పన్నెండు గంటలకు తీక్షణమైన ఎండ కాయుచున్నది. ప్రజలు చెమటలు తుడుచుకొనుచున్నారు." ఆయన కాగితం మడిచి గొంతు తగ్గించారు. "అయ్యా, మనలో మాట. గడియారమే తప్పేమో."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"భానోజీరావు గారూ, గడియారం తప్పంటే దృశ్యం తప్పు. దృశ్యం తప్పంటే పథకం తప్పు. పథకం తప్పంటే సదస్సు తప్పు. సదస్సు జరిగింది ఢిల్లీలో."

ఇక మాట్లాడేదేముంది? అర్ధరాత్రి ఎండ కాసిన పట్టణం దేశంలో ఇంకొకటి లేదని తీర్మానించారు. ఏటా జనవరి ఒకటిన అర్ధరాత్రి 'ఏకక్షణ మహోత్సవం' జరపాలన్నారు. వీధి దీపాలు చాలవు కాబట్టి ఎండ కోసం ఫ్లడ్ లైట్లు అద్దెకు తెప్పించాలన్నారు. ఒకే క్షణంలో ఊరంతటా ప్రత్యక్షమై ఇంత చరిత్రను పట్టుకున్న కూర్మారావుకు శాలువా కప్పాలన్నారు. అన్నిచోట్లా ఒకేసారి ఉండడానికి ముందస్తు అనుమతి తీసుకోనందుకు ఆయనకే ఒక నోటీసు కూడా ఇవ్వాలన్నారు. శాలువా సాంస్కృతిక విభాగంనుంచి, నోటీసు రెవెన్యూ విభాగంనుంచి ఒకే కవర్లో వెళ్ళాయి.

తవిటినాయుడి ఆశలన్నీ కూర్మారావు మీదే. కలెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, గడియారం సంగతి ఇంకోసారి చెబితే పనైపోతుందని దుకాణానికి వెళ్ళాడు. కూర్మారావు ఉక్కపోతలోనే శాలువా కప్పుకుని కూర్చున్నాడు.

"రా నాయుడూ. పేపరోళ్ళు వచ్చెళ్ళారు."

"అది సరేగాని బావా, రేపు కలెక్టరాఫీసుకి రావాల. ఆ బొత్తాం బ్యాటరీ సంగతి ఒక్కసారి చెప్పీ."

కూర్మారావు శాలువా అంచు సర్దుకున్నాడు. "ఏ బ్యాటరీ?"

"నువ్వే కదేటి చెప్పావు, సచ్చిపోయిందని?"

"నాయుడూ, బాగా ఆలోచిస్తే నాకు గుర్తొస్తన్నాది" అన్నాడు కూర్మారావు ఎటో చూస్తూ. "ఆ రోజు నిజంగానే చానా బిజీగా ఉన్నాను."

తవిటినాయుడు వాదించాడు, బతిమాలాడు, చివరికి తిట్టాడు. శాలువా కిందికి జారలేదు. ఇంటికొచ్చి భార్యకి ఫోన్ చేశాడు.

"కూర్మారావు ప్లేటు తిప్పీసాడు హైమా. ఇంక మన కాపురం వారానికో దినమే."

అవతలనుంచి వర్షం చప్పుడు, దూరంగా పిల్లలెవరో నవ్వుకోవడం వినపడ్డాయి. "బెంగెట్టుకోకండి. శనివారం వస్తాను కదా" అంది హైమావతి.

దారి చూపించింది భానోజీరావు గారే. ఆ మూడుసార్లు వెనక్కి తిప్పిన టేపు ఆయన్ని వదల్లేదు. మజ్జిగ గ్లాసు అందిస్తున్న ఆ పెద్దావిడ ఏమని ఉంటుందా అని రాత్రిళ్ళు కూడా ఆలోచించేవారట. తవిటినాయుడిని పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"నాయుడు గారూ, బాల్యవివాహం మా లెక్కలో చెల్లదు. చెల్లకపోతే మీకసలు పెళ్ళి కానట్టే. ఇద్దరికీ ఇప్పుడు వయసొచ్చింది. ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. సోమవారం ఈ ఆఫీసులోనే, మునిసిపాలిటీ కెమెరా ముందు పెళ్ళి చేసుకోండి. అదే రోజు తేదీతో ధ్రువపత్రం నా చేత్తో ఇస్తాను."

"దానికేటి సార్! ఎన్నిసార్లయినా కట్టీస్తాను" అన్నాడు తవిటినాయుడు.

చందనకి ఫోన్ చేసి సాక్షిగా రమ్మన్నారు. "నాన్నా, మీ పెళ్ళికి మా ఫ్రెండ్స్ కూడా వస్తామంటున్నారు" అంది చందన. "అడ్డమైనోళ్ళనీ తీసుకురాకు, ఆఫీసులో జాగా లేదు" అన్నాడు తండ్రి.

సోమవారం హైమావతి సెలవు పెట్టి, నేత చీర కట్టుకుని వచ్చింది. తవిటినాయుడు రెండు బంతిపూల దండలు తెచ్చాడు. కమిషనర్ గారు మహోత్సవం ఏర్పాట్లలో ఉండి రాలేదు. మునిసిపాలిటీ కెమెరాను మూడు కాళ్ళ మీద నిలబెట్టారు. చందన తల్లి జడలో పూలు సర్ది, సాక్షి సంతకానికి కలం పట్టుకుని నిలబడింది. భానోజీరావు గారు నిర్ణీత ప్రశ్నలు చదివారు. వరుణ్ణి అడిగితే సగం ప్రశ్న కాకముందే ఊఁ అనేశాడు.

"వధువు శ్రీమతి... క్షమించాలి, కుమారి హైమావతి గారు ఈ వివాహమునకు తమ పూర్తి ఇష్టముతో, ఎవరి ఒత్తిడీ లేకుండా సమ్మతించుచున్నారా?"

హైమావతి తలెత్తింది.

"సార్, ఒక్కమాట. ఇప్పుడు నేను పెళ్ళి కానిదాన్నేనా?"

"రికార్డు ప్రకారం అవివాహితేనమ్మా."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే..." భానోజీరావు గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. "అవివాహితగానే ఉంటారు."

"హైమా, ఆటలాడకు. కెమెరా తిరుగుతున్నాది" అన్నాడు తవిటినాయుడు.

"ఆటలు కాదండి. అడిగారు కాబట్టి ఆలోచిస్తున్నాను" అంది హైమావతి. దండ బల్ల మీద పెట్టి, గోడ పక్కనున్న బల్లచెక్క మీద కూర్చుంది. తవిటినాయుడు కాసేపు అక్కడే నిలబడి, తర్వాత మెల్లగా వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"కోపం వచ్చిందేటి?"

"కోపమెందుకు? మీరు మంచోరే." ఆమె చేతి గాజులు సర్దుకుంది. "నేను అక్కడ బాగున్నానండి. ఇన్నేళ్ళలో మీరు రెండుసార్లే వచ్చారు. రెండుసార్లూ దోమలని వెళ్ళిపోయారు. నా ఇల్లు గెడ్డ ఒడ్డున. పొద్దున్న లేస్తే నీళ్ళ చప్పుడే. మూడో తరగతిలో ఇరవై మంది ఉన్నారు, వాళ్ళ భాష నాకొచ్చీసింది, నా భాష వాళ్ళకొచ్చీసింది. మీరు రమ్మంటున్నారు, మా అన్నయ్య రమ్మంటున్నాడు, డిపోలో అందరూ రమ్మంటున్నారు. రావాలేమో అనుకున్నాను. రావాలని ఉందో లేదో ఇప్పటిదాకా చూసుకోలేదు."

"ఉందా?"

"లేదండి."

బస్సులో చిల్లర గొడవలు ఎన్నో తీర్చిన తవిటినాయుడు తన దండలోని బంతిపూలు లెక్కపెట్టసాగాడు. చందన కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అంటే నన్నొద్దంటున్నావేటి?" అన్నాడు.

"మిమ్మల్నొద్దనలేదు. ఈ ఊరొద్దంటున్నాను." హైమావతి భానోజీరావు గారి వైపు తిరిగింది. "సార్, భర్త ఉన్నచోటికే భార్య రావాలని రూల్లో ఉందా?"

రూలు పుస్తకం అంటే భానోజీరావు గారికి ప్రాణం. కళ్ళజోడు పెట్టుకుని బీరువా తెరిచారు, వేలితో గీతలు కొట్టుకుంటూ చదివారు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. కెమెరా తన పాటికి తాను తిరుగుతూనే ఉంది.

"దంపతులు సాధ్యమైనంతవరకు ఒకే ప్రదేశమందు పనిచేయవలెను అని ఉందమ్మా. ఏ ప్రదేశమన్నది లేదు. ఎవరు ఎవరి దగ్గరికన్నది అసలే లేదు." ఆయన ముఖంలో ఏదో కొత్త సంగతి కనిపెట్టిన వెలుగు. "మేమందరం ఇన్నాళ్ళూ ఎలా చదివామో!"

"అక్కడికి దగ్గర్లో డిపో ఉందండి" అంది హైమావతి భర్తతో. "ఘాట్ రోడ్డు బస్సులు. మనుషులు కొట్లాడుకోరు. చిల్లర లేకపోతే పనసపండిస్తారు."

తవిటినాయుడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఈ ఊళ్ళో ఆయనకి స్నేహితులున్నారు. సాయంత్రం పేకాటుంది. సెంటర్లో టీకొట్టువాడు అడక్కుండానే పంచదార తగ్గించి ఇస్తాడు. కూర్మారావు కూడా మొన్నటిదాకా స్నేహితుడే.

"దోమలున్నాయా ఇంకా?" అన్నాడు.

"ఉన్నాయి. దోమతెర కొన్నాను."

"ఇద్దరికి సరిపోద్దా?"

"సరిపోద్ది" అంది హైమావతి, నవ్వు ఆపుకుంటూ.

"నాన్నా, ఒప్పుకో" అంది చందన.

తవిటినాయుడు లేచి, బల్ల మీది దండ తీసి భార్యకి అందించాడు. భానోజీరావు గారు ప్రశ్న మళ్ళీ మొదట్నుంచీ చదివారు. ఈసారి ఇద్దరూ పూర్తిగా విని ఒప్పుకున్నారు. అప్పగింతలు లేకపోయినా ఆయన తువ్వాలుతో కళ్ళొత్తుకున్నారు.

ధ్రువపత్రం ఆ సాయంత్రమే వచ్చింది. తవిటినాయుడి బదిలీ దరఖాస్తు చూసి డిపో మేనేజరు, ఏజెన్సీకి కోరి వెళ్ళేవాణ్ణి తన సర్వీసులో చూడలేదనీ, ఇంకేదైనా కారణం ఉంటే దాచకుండా చెప్పమనీ రెండుసార్లు అడిగాడు. "కొత్తగా పెళ్ళయింది సార్" అన్నాడు తవిటినాయుడు. నిజమే చెప్పాడు కాబట్టి ఆర్డరు తొందరగానే వచ్చింది.

ఆయన ట్రంకుపెట్టెతో పనసగూడలో దిగేసరికి బడికి మధ్యాహ్నం భోజనాల వేళ. కొండ మీదినుంచి మబ్బు దిగి ఉంది. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పప్పు వడ్డిస్తున్న గంగులమ్మ గరిటె ఆపి, పైనుంచి కింద దాకా చూసింది.

"ఎవలమ్మా ఈయన?"

"మా ఆయన" అంది హైమావతి. "ఈమధ్యే పెళ్ళి చేసుకున్నాను."

గంగులమ్మ ఇంకోసారి చూసింది. నెరిసిన మీసం చూసింది, ముందుకొచ్చిన పొట్ట చూసింది, పలచబడ్డ నెత్తి దగ్గర కాసేపు ఆగింది. టీచరమ్మంటే ఆమెకు చాలా గౌరవం. అంచేత గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇంకాస్త కుర్రోడు దొరకనేదేటమ్మా?"

తవిటినాయుడు ట్రంకుపెట్టె నేల మీద దించి, జేబులోంచి దువ్వెన తీశాడు.